కీళ్లవాతానికి తోడు షుగర్

ఏడేళ్లుగా కీళ్లవాతం ఉంది. పోయిన నెల షుగర్ పరీక్షలో హెచ్‌బీఏ1సీ 7.4 అని వచ్చింది. 6.5 వస్తేనే షుగర్ కింద లెక్క. ఆ కాగితం పట్టుకుని ల్యాబ్ మెట్ల మీదే చాలాసేపు కూర్చుండిపోయాను.

పొద్దున లేచేసరికి నా వేళ్లు బిగుసుకుపోయి ఉంటాయి. ఇంట్లో షుగర్ చూసుకోవడానికి డబ్బాలోంచి ఒక్క స్ట్రిప్ తీయాలంటే ఐదు నిమిషాలు. చేతులు గోరువెచ్చని నీళ్లలో పెట్టి, తడి లేకుండా తుడుచుకుని, వేలి కొన మధ్యలో కాకుండా పక్కన గుచ్చితే నొప్పి తక్కువ, రక్తమూ తేలిగ్గా వస్తుంది. మా వీధి మందుల షాపులో అమ్మాయి ఓపిగ్గా చేసి చూపించింది. చల్లగా ఉండాలి ఆ తల్లి.

నొప్పులకు నేను వాడే స్టెరాయిడ్ మాత్ర షుగర్‌ని పెంచుతుంది. అదీ పరగడుపున కంటే మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా ఎక్కువ. నేనేమో ఇన్నాళ్లూ పరగడుపు పరీక్ష ఒక్కటే చూసుకుని బాగానే ఉందనుకున్నాను. అన్నం తగ్గించడం కష్టమే, అయినా అలవాటవుతోంది. నన్ను నిలబెట్టిన మందే ఇంకో జబ్బుకు దారి తీసిందన్న దిగులు మాత్రం ఇంకా పోలేదు.

కీళ్లవాతానికో ఆస్తమాకో స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్నవాళ్లు మధ్యాహ్నం భోజనం చేసిన రెండు గంటలకు కూడా ఒకసారి షుగర్ చూపించుకోండి. భయపడి మాత్రలు ఉన్నట్టుండి ఆపేయకండి, ప్రమాదం. డాక్టర్‌ని అడిగే మెల్లగా తగ్గించుకోండి.