అరిగిన అడుగు

కొత్తపేట సమీపంలోని పలివెలలో కొబ్బరిచెట్లే తప్ప కొండలు లేవు. కాళ్లకు తాడు బిగించి చెట్టెక్కే దింపు కార్మికుని పాదాలకు కాయలు కాస్తాయి. అట్టివాని కుమారుడొకడు భువనగిరి ఏకశిలపై శిలారోహణం నేర్వబోయాడు. 2014లో ఎవరెస్టును అధిరోహించిన మాలావత్ పూర్ణ శిక్షణ పొందిన బండ అదే.

కొన్నాళ్లకే అతని బూటు బొటనవ్రేలి కొన వద్ద పలచబడింది. దోషం బూటుది కాదు. చూపు పైనే నిలిపి, పాదాన్ని బండపై ఈడ్చుకుంటూ ఎక్కడం అభ్యాసకుల అలవాటు. గరుకైన గ్రానైట్ ఆకురాయివలె రబ్బరును తినివేస్తుంది. ఆ అడుగు మందమెంత? నాలుగైదు మిల్లీమీటర్లు! అది అరగగానే మార్పిస్తే సరి; చుట్టూ ఉన్న పలుచని పట్టీకి చిల్లుపడితే మరమ్మతు కష్టం, ఖర్చూ ఎక్కువ.

ఆ బూట్ల వెల తండ్రి ఎన్ని చెట్లెక్కితే సమకూరిందో అతడెరుగును. మరునాటి నుండి మోపవలసిన చోటును ముందుగా చూచి, చప్పుడు కాకుండా కాలు ఆనింపసాగాడు.