ఒట్టి కడుపునొప్పే!

మన తెలుగులో కడుపు అన్న మాట చాలా పెద్దది. అన్నం తినేదీ కడుపే, బిడ్డను మోసేదీ కడుపే. కోపం వస్తే మండేదీ, పిల్లలు వృద్ధిలోకి వస్తే నిండేదీ అదే. ఇరవై ఏళ్లుగా కాలేజీలో తెలుగు చెబుతూ పొట్టపోసుకుంటున్నాను గదా, ఆ మాట చాటున ఒక ప్రమాదం దాక్కుని ఉండగలదని మా అమ్మాయి మంచం పట్టేదాకా నాకు తోచలేదు.

అప్పుడు దానికి పదమూడో ఏడు. శుక్రవారం సాయంత్రం బడిలో ఖోఖో ఆడి వచ్చి, ఉన్నట్టుండి కుడిపక్కన పొడిచినట్లుందని ముడుచుకుని పడుకుంది. మా అత్తగారు వాము నలిపి, కాస్త ఉప్పు కలిపి నోట్లో వేసి వేడినీళ్లు తాగించారు. అరగంటలో తగ్గింది.

"చూశావా, ఒట్టి అజీర్తి" అన్నారావిడ, గెలిచినట్లు.

రాత్రి పదింటికి మళ్లీ వచ్చింది. ఈసారి వైద్యం నాది. వేళ్లమీద రోజులు లెక్కవేశాను. నెలసరి దగ్గర పడింది. "ఆడపిల్లన్నాక ఇవన్నీ ఉంటాయమ్మా, ఓర్చుకోవాలి" అని వేడినీళ్ల సంచి ఇచ్చి పడుకోబెట్టాను. మా అమ్మ నాతో అన్న మాటే నేను దానితో అన్నాను. మళ్లీ తగ్గింది. ఆ తగ్గడమే మమ్మల్ని మోసం చేసింది.

తెల్లవారుజామున వాంతులు పట్టుకున్నాయి. ముఖం పాలిపోయింది, ఒళ్లంతా చెమట. మా వారు ఆటో పిలుచుకు వచ్చారు. మా ఊళ్లో డాక్టరుగారు పొత్తికడుపు నొక్కి చూసి, "అపెండిసైటిస్ కావచ్చు, అండాశయం మెలిపడి ఉండవచ్చు. ఏదైనా ఇక్కడ ఆపను. వెంటనే గుంటూరు తీసుకువెళ్లండి" అన్నారు.

గుంటూరులో ఒక డాక్టరమ్మ చూశారు. "కడుపునొప్పేనా?" అని అడగలేదావిడ. "ఎక్కడో ఒక్క వేలితో చూపించు తల్లీ" అన్నారు. మా అమ్మాయి వేలు బొడ్డుకు బాగా కిందుగా, కుడివైపున ఆగింది. నొప్పి హఠాత్తుగా వచ్చిందా, వచ్చి పోతూ ఉందా, వాంతులు ఎప్పటినుంచి అని ఒక్కొక్కటే అడిగి స్కానింగుకు పంపారు.

కుడి అండాశయంలో ఆరు సెంటీమీటర్ల నీటితిత్తి ఉంది. అండాశయం బాగా వాచి ఉంది. "రక్తం ఇంకా కొంచెం ఆడుతున్నట్లే ఉంది" అన్నారు స్కాను చేసినాయన. మా వారు "అమ్మయ్య!" అన్నారు. డాక్టరమ్మ తల అడ్డంగా ఊపారు. అండాశయానికి రెండు దారుల్లో రక్తం వస్తుందట. స్కానింగులో రక్తం ఆడుతున్నట్లు కనిపించినంత మాత్రాన మెలిక లేదని చెప్పడానికి వీల్లేదు. పక్కాగా తేలేది లోపల చూసినప్పుడే.

నా మొహం చూసి నెమ్మదిగా వివరించారు. అండాశయం తొడిమకు వేలాడే కాయ వంటిది. తిత్తి వచ్చి బరువెక్కితే తొడిమ మెలిపడుతుంది. చిన్నపిల్లల్లో ఆ తొడిమ పొడుగ్గా ఉండి, ఏ తిత్తీ లేకుండానే మెలిపడవచ్చు. మెలిక పడగానే పలచటి గోడలున్న సిరలు ముందు నొక్కుకుంటాయి. ధమనిలో రక్తం లోపలికి వస్తూనే ఉంటుంది, బయటికి పోయే దారి ఉండదు. కాయ ఉబ్బుతుంది. చివరికి వచ్చే దారీ మూసుకుంటుంది. ఒక్కోసారి మెలిక కాస్త సడలుతుంది, నొప్పి తగ్గుతుంది, మళ్లీ బిగుసుకుంటుంది. ఎడమవైపు పెద్దపేగు కొంత చోటు ఆక్రమించుకుని ఉంటుంది గనుక ఇది కుడివైపే ఎక్కువట. అందుకే అపెండిసైటిస్ అని పొరబడటమూ ఎక్కువే.

సంతకం పెట్టవలసిన కాగితం చేతికి వచ్చేసరికి మా వారి గొంతు పెగల్లేదు. నేనే అడిగాను: "తీసెయ్యవలసి వస్తుందా?"

"ఒకప్పుడు నల్లబడి కనిపిస్తే తీసేసేవారమ్మా. మెలిక విప్పితే గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తుల్లోకి పోతుందని భయపడేవారు. ఆ భయానికి ఆధారం లేదని తేలింది. నల్లగా కనిపించినవి కూడా చాలావరకు కోలుకుంటున్నాయి. ఎదిగే పిల్లల్లో మెలిక విప్పి అండాశయాన్ని నిలబెట్టాలని అమెరికాలోని స్త్రీవ్యాధి నిపుణుల సంఘం 2019లో స్పష్టంగా చెప్పింది. కాకపోతే ఆలస్యం చెయ్యకూడదు. ఇన్ని గంటలదాకా ఫరవాలేదని గీత గీసి చెప్పలేం."

శుక్రవారం సాయంత్రం నుంచి నేను మళ్లీ వేళ్లమీద లెక్కవేశాను. ఈసారి రోజులు కాదు, గంటలు.

ఈలోగా మా అత్తగారి ఫోను. "పెళ్లి కావలసిన పిల్ల. అపెండిసైటిస్ అని చెప్పండి అందరికీ" అని. ఆవిడ నన్నాడి ఏం లాభం! ఆ భయం నాలోనూ ఉంది.

పొట్టమీద మూడు చిన్న రంధ్రాలు చేసి, కెమెరాతో చూస్తూ ఆపరేషను చేశారు. తొడిమ రెండు చుట్లు తిరిగి ఉందట. అండాశయం నేరేడుపండు రంగులో ఉందట. మెలిక విప్పి, తిత్తి తీసేసి, అండాశయాన్ని అక్కడే ఉంచారు. మూడు నెలల తరవాత స్కానింగులో చిన్న చిన్న అండపుటికలు కనిపించాయి. అది బతికింది!

ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ దాని భుజంమీద చెయ్యి వేసి, "మళ్లీ మెలిపడే అవకాశం కొంత ఉంటుంది. ఎటువైపు నొప్పి వచ్చినా ఓర్చుకోకు. వెంటనే చెప్పు" అన్నారు. నా వంక చూడలేదావిడ. చూడనవసరం లేకపోయింది.

ప్రతి కడుపునొప్పికీ ఆసుపత్రికి పరుగెత్తమని నేననను. కాని ఉన్నట్టుండి పొత్తికడుపులో ఒక పక్కన పొడిచి, వాంతులు తెచ్చే నొప్పి, మధ్యలో తగ్గినా సరే, ఇంట్లో కూర్చుని తేల్చేది కాదు. పసిపిల్లైనా, గర్భిణీ అయినా, పిల్లల కోసం మందులు వాడుతున్న ఇల్లాలైనా, ముట్లుడిగిన పెద్దావిడైనా అంతే.

ఇది వ్రాయడానికి మా అమ్మాయి అనుమతి తీసుకున్నాను. అత్తగారి అనుమతి ఎలాగా అనుకుంటుండగానే మొన్న పక్కింటి కోడలు పొత్తికడుపు పట్టుకుని గుమ్మంలో చతికిలబడింది. నేను లేచేలోగా మా అత్తగారు వాము డబ్బా పక్కకు నెట్టి, "ఏ పక్కనే? వాంతి అయిందా? ఒక్క వేలితో చూపించు" అంటున్నారు.