అమీర్‌పేటలో అడిగిన ప్రశ్న: సర్టిఫికెట్‌తో జీతం పెరుగుతుందా?

హైదరాబాద్‌లో అమీర్‌పేట మెట్రో దిగి మైత్రీవనం వైపు నాలుగడుగులు వేశానో లేదో, చేతి నిండా కరపత్రాలు. ఏడబ్ల్యూఎస్, ఆజూర్, డెవాప్స్, సర్వీస్‌నౌ, సేల్స్‌ఫోర్స్. తొంభైల చివర్లో వైటూకే గిరాకీ ఉన్నప్పుడు ఇక్కడ మెయిన్‌ఫ్రేమ్ నేర్పారు. తర్వాత జావా, డాట్‌నెట్, ఒరాకిల్, శాప్ వచ్చాయి. కోర్సు ఏదైనా ఫీజు కట్టేవాళ్లు అడిగేది ఒకటే: ఇది చేస్తే జీతం ఎంతొస్తుంది? ఆ ప్రశ్న పట్టుకునే నేనూ వెళ్లాను.

ఓ ఇన్‌స్టిట్యూట్‌లో లినక్స్ ల్యాబ్ నడుస్తుంటే వెనక కుర్చీలో కూర్చోనిచ్చారు. రెడ్‌హ్యాట్ వారి ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ పరీక్షకు తయారవుతున్న బ్యాచ్. ఆ పరీక్షలో నాలుగు జవాబుల్లో ఒకటి టిక్కు పెట్టడం ఉండదు. నిజమైన మెషీన్ ఇచ్చి పని చేయమంటారు. 300 మార్కులకు 210 రావాలి. ఒక కుర్రాడు కొత్త పార్టిషన్ చేసి, ఫార్మాట్ చేసి, మౌంట్ చేసి, ఆ వివరం మెషీన్ లేచేటప్పుడు చదివే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైల్లో రాశాడు. అంతా బాగానే ఉందనిపించింది.

"ఇప్పుడు రీబూట్ కొట్టు తమ్ముడూ" అన్నారు ట్రైనర్.

మెషీన్ లేవలేదు. ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగి రూట్ పాస్‌వర్డ్ అడుగుతోంది. ఫైల్లో ఒక్క అక్షరం తప్పు పడింది. "పరీక్షలో రీబూట్ అయ్యాక నిలబడిన పనికే మార్కులు. ఆఫీసులో ఇదే జరిగితే అర్ధరాత్రి క్లయింట్ ఫోను" అని ట్రైనర్ చేతులు కట్టుకుని నిలబడ్డారు. కుర్రాడు చెమటలు తుడుచుకుంటూ లోపలికి వెళ్లి, లైన్ వెతికి, సరిచేసి, మళ్లీ లేపాడు. ఎవరూ చెప్పలేదు, వాడే పట్టుకున్నాడు. జీతం వచ్చేది ఇలాంటి పనికే అని నా గట్టి నమ్మకం.

కింద టీ కొట్టు దగ్గర ఓ సపోర్ట్ ఇంజనీర్ కలిశాడు. నాలుగేళ్ల అనుభవం. ఏడబ్ల్యూఎస్ సొల్యూషన్స్ ఆర్కిటెక్ట్ అసోసియేట్ పాసయ్యాడు: 65 ప్రశ్నలు, 130 నిమిషాలు, వెయ్యికి 720 రావాలి, ఫీజు 150 డాలర్లు. ఆ ఫీజు కంపెనీయే కట్టిందట. ఎందుకు కడుతుందో చాలామందికి తెలియదు. అమెజాన్, మైక్రోసాఫ్ట్ లాంటి సంస్థల దగ్గర పార్ట్‌నర్ హోదా కావాలంటే, ఇంతమంది సర్టిఫైడ్ ఉద్యోగులు ఉన్నారని కంపెనీ చూపించాలి. అంటే ఆ సర్టిఫికెట్‌తో ముందు లాభపడేది కంపెనీ. మరి ఇతని జీతం?

"ఉన్నచోట పెరగలేదు సార్. కంపెనీ మారినప్పుడు పెరిగింది. సర్టిఫికెట్ చూసి పిలిచారు, కానీ ఇంటర్వ్యూ అంతా నేను చేసిన మైగ్రేషన్ మీదే నడిచింది."

ఎస్సార్ నగర్ హాస్టల్‌లో ఉంటున్న నర్సీపట్నం అమ్మాయి సంగతి వేరు. బీటెక్ అయింది, ఉద్యోగానుభవం లేదు, మూడు సర్టిఫికెట్లున్నాయి. ఫీజుల కోసం ఇంట్లో బంగారం కుదువపెట్టారు. ఆ మాట విన్నాక మనసు మనసులో లేదు. పెద్ద సర్వీసు కంపెనీల్లో సాధారణ ఫ్రెషర్ ప్యాకేజీ ఏళ్ల తరబడి ఏడాదికి మూడున్నర లక్షల చుట్టూనే తిరుగుతోంది. సర్టిఫికెట్ ఒకటున్నా మూడున్నా ఆ స్లాబు పెద్దగా కదలదు. షార్ట్‌లిస్టులో పేరు రావడానికి పనికొస్తుంది, అంతే. ఆ అంతే అన్న మాట ఫీజు కట్టించుకునే ముందే ఆమెకు చెప్పి ఉండాల్సింది.

సర్టిఫికెట్ ఉన్నవాళ్ల సగటు జీతాల పట్టికలు గోడల మీద కనిపించాయి. వాటిని జాగ్రత్తగా చదవాలి. సెక్యూరిటీలో పేరున్న సీఐఎస్‌ఎస్‌పీకి అయిదేళ్ల అనుభవం అడుగుతారు, డిగ్రీ ఉంటే ఒక ఏడాది తగ్గిస్తారు. ప్రాజెక్టు మేనేజర్ల పీఎంపీకి డిగ్రీతో పాటు మూడేళ్లు ప్రాజెక్టులు నడిపి ఉండాలి. సిస్కో వారి సీసీఐఈ అయితే 8 గంటల ల్యాబ్ పరీక్ష. ఇవి చేతికొచ్చేసరికే మనిషి సీనియర్ అయి ఉంటాడు. ఆ పెద్ద జీతంలో అనుభవం వాటా ఎంతో, సర్టిఫికెట్ వాటా ఎంతో ఆ పట్టికలు విడదీసి చెప్పవు. పైగా ఏడబ్ల్యూఎస్‌ది, సిస్కోది మూడేళ్లకు గడువు తీరుతుంది. మైక్రోసాఫ్ట్ ఆజూర్ అసోసియేట్‌ని ఏటా రెన్యూ చేసుకోవాలి.

"డంప్స్ ఇస్తాం, వారంలో క్లియర్" అన్నవాళ్లూ తగిలారు. అలా లీకైన ప్రశ్నలు బట్టీ కొట్టి పాసైనవాడు ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతాడు. పట్టుబడితే ఇచ్చిన సంస్థే సర్టిఫికెట్ రద్దు చేస్తుంది.

ఇప్పటికే ఉద్యోగంలో ఉండి, చేస్తున్న పనికి దగ్గరి సర్టిఫికెట్ రాసేవాళ్లకు ఖర్చు తిరిగొస్తుంది. ఫ్రెషర్లు ఒక్కటి ఎంచుకుని, దాని ల్యాబ్ బాగా చేస్తే చాలు, మూడింటికి అప్పు చేయకండి. ఫీజు కట్టేముందు డెమో క్లాసుతో సరిపెట్టుకోకుండా, నడుస్తున్న ల్యాబ్‌లో ఒక గంట కూర్చోనివ్వమని అడగండి. ఒప్పుకోకపోతే పక్క ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్లండి. అమీర్‌పేటలో వాటికి కొదవ లేదు.