ఎనిమిది బిందెలు

ఆంధ్రప్రదేశమున 2020-21 నుండి డిగ్రీ విద్యార్థులు మొదటి సంవత్సరపు చివర సమాజసేవా ప్రాజెక్టు చేయవలెనను నియమము వచ్చినది. నాయొద్ద పదవ తరగతి చదివిన బాలిక యొకతె 50 ఇండ్ల నీటి వాడుకపై తన నివేదిక తెచ్చి, "మాస్టారూ, భాష దిద్దిపెట్టండి" అనెను. కళాశాలలోని మార్గదర్శి చేవ్రాలు అప్పటికే పడియున్నది.

భాష చక్కగనే యున్నది. కాని ముసలివారిద్దరున్న యింటను 8 బిందెలు, పదిమందియున్న యింటను 8 బిందెలే!

"ఎన్ని గడపలు తొక్కావమ్మా?" అంటిని.

"నాలుగండి."

నాకు కోపము రాలేదు, సిగ్గు కలిగినది. ప్రశ్నలకు జవాబులు చెప్పి, మాట పోకుండ వ్రాయుట ఈ పిల్లకు ఐదేండ్లు నేర్పినవాడను నేనే గదా!

మఱునాడు ఇద్దరమును బయలుదేరితిమి. మొదటి యింటి యిల్లాలు మా ప్రశ్న విని నవ్వినది. "బిందెలెవరు లెక్కబెడతారయ్యా? కుళాయి వచ్చే వేళకు నేను కూలికి పోతాను. పక్కింటావిడ పడితే ఉన్నట్టు, లేకుంటే లేనట్టు. అది రాసుకోండి."

మా పట్టికలో దానికి గడి లేదు. బాలిక నా మొగము చూచినది. నేనేమియు చెప్పలేదు. కొంత తడవునకు ఆమె కాగితము వెనుకకు త్రిప్పి వ్రాయ మొదలిడినది.