మూసీ గట్టు డైరీ

26 సెప్టెంబర్ 2024
చాదర్‌ఘాట్, శంకర్‌నగర్. మూసీని బాగుచేస్తారట. ఇళ్ల గోడల మీద ఎర్ర రంగుతో ఆర్‌బీ–ఎక్స్ అని రాస్తున్నారు. ఆర్‌బీ అంటే రివర్ బెడ్. రాసేవాడు ఒక్కడే. వాడి చుట్టూ పోలీసులు. రంగు డబ్బా పట్టుకున్న పిల్లాడి మొహంలో బందోబస్తు గర్వం.

ఓ ముసలామె కళ్లజోడు పైకెత్తి చూసింది. ‘చదువుకున్నోళ్లు ఎవరన్నుంటే చెప్పున్రి బిడ్డా. గిది పాసా, ఫెయిలా?’

ఎవరూ చెప్పలేదు.

27 సెప్టెంబర్
చైతన్యపురి వైపు జనం రోడ్డెక్కారు. రిజిస్ట్రేషన్ దస్తావేజులు, ఇంటి పర్మిషన్, బ్యాంకు లోను కాగితాలు. కొన్నిటికి లామినేషన్. శంకర్‌నగర్‌లో నిన్న చూపించినవి కరెంటు బిల్లు, రేషన్ కార్డు.

నది ఒకటే. అక్కడ కాలనీ, ఇక్కడ బస్తీ.

28 సెప్టెంబర్
ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో చింతచెట్టు. 1908లో ఇదే తారీఖున మూసీ పొంగితే నూటయాభై మంది దీన్నెక్కి బతికారని చెబుతారు. పోయినవాళ్లు పదిహేను వేలని అంచనా. ఏటా ఈ రోజు నలుగురు చెట్టు కింద చేరి తలుచుకుంటారు.

చెట్టు నీడలో ఒకాయన టిఫిన్ డబ్బా విప్పుకుని కూర్చున్నాడు. మీటింగుంది, కొంచెం జరగమన్నారు. జరగలేదు. ‘మా పేషెంటు పేరు పిలిస్తే ఈడికే ఇనవడ్తది సార్.’

మీటింగే జరిగింది.

అదే రోజు, రాత్రి
వరద తర్వాత విశ్వేశ్వరయ్యను పిలిపించారు. మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో. వాటికి ముందే, 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు. ఇరుకు మహల్లాలు తీసేయడం, రోడ్లు వెడల్పు చేయడం, గట్టున తోటలు వేయడం దాని పని. ఒక గట్టున హైకోర్టు లేచింది, ఎదురు గట్టున ఆస్పత్రి. రెండూ అందంగానే ఉంటాయి.

అప్పుడు గోడల మీద ఏ రంగుతో రాశారో నేను చదివిన పుస్తకాల్లో లేదు.

1 అక్టోబర్
కూల్చుడు మొదలు. గల్లీలోకి జేసీబీ పట్టదు. కూలీలను పెట్టారు. సమ్మెటలు, గడ్డపారలు.

తలుపులు ముందే పోయాయి. తలుపుకు రేటుంది, గోడకు లేదు. పాతసామాన్ల మనిషి పొద్దున్నుంచే ట్రాలీ ఆటో వేసుకుని గల్లీ మొదట్లో. కిటికీ చువ్వలు కిలో లెక్క.

కూలీల్లో ఒకడిది పాలమూరు వైపు. బీడీ ముట్టించుకుంటూ, ‘మాది గూడ మునిగింది సార్, శ్రీశైలం డ్యాంల. మా నాయిన ఉన్నప్పుడు’ అన్నాడు. ఎంతిచ్చారని అడిగాను. ‘నేను పుట్టలే’ అన్నాడు. బీడీ పారేసి మళ్లీ సమ్మెట ఎత్తాడు.

సగం గోడ మీద క్యాలెండర్. ఇంకా సెప్టెంబరే.

2 అక్టోబర్
ఎంగిలిపూల బతుకమ్మ. రాళ్లు పక్కకు నెట్టి, ఖాళీ అయిన జాగాలో ఆడారు. ఇల్లుంటే ఇంత జాగా ఉండేది కాదని ఒకామె నవ్వింది. అదే ఆమె ఇల్లు.

సాగనంపడం ప్లాస్టిక్ టబ్బులో. పక్కనే నది. అందులో ఎవరూ వేయరు.

అక్టోబర్, తారీఖు వేయలేదు
పిల్లిగుడిసెల డబుల్ బెడ్‌రూం ఇళ్లు. పాత గల్లీలో ఎదురుబొదురుగా ఉన్నవాళ్లు ఇప్పుడు ఒకరి మీద ఒకరు.

ఒకాయన మేకను తెచ్చాడు. లిఫ్టులో ఎంతమంది ఎక్కాలో రాసుంది. మేక సంగతి రాయలేదు. వాచ్‌మన్ బోర్డు రెండుసార్లు చదివి, ‘మెట్ల మీదికెల్లి తోల్కపో చాచా’ అన్నాడు. మేకకు మెట్లు సులువు. చాచాకు కాదు.

కింద గోడ మీద బొగ్గుతో: ‘ఉద్దెర లేదు’. దుకాణం ఇంకా పెట్టలేదు.

అక్టోబర్ చివర
మంత్రులు, విలేకర్లు సియోల్ వెళ్లారు. చియాంగ్గెచ్చన్ అని ఊరి మధ్యలో వాగు. పైనున్న ఫ్లైఓవర్ కూలగొట్టి 2005లో వాగును మళ్లీ తెరిచారు. ఫొటోల్లో పిల్లలు నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నారు. ఆ నీళ్లు చాలావరకు హాన్ నది నుంచి పంపులతో ఎక్కించినవి.

ఇస్త్రీ బండి దగ్గర పేపరు చూపించాను. ‘మంచిగున్నది. ఆడ బట్టలు ఏడ ఉతుకుతున్రు?’

8 నవంబర్
ముఖ్యమంత్రి పుట్టినరోజు. మూసీ వెంబడి పాదయాత్ర. యాదాద్రి జిల్లా సంగెం దగ్గర. మన మురుగు తాగే ఊళ్లు అవి. టీవీలో చూశాను. నడిచినవాళ్లలో కొందరు ముక్కులకు కర్చీఫులు కట్టుకున్నారు. గట్టు మీద నిలబడ్డ ఊరివాళ్లు కట్టుకోలేదు.

డిసెంబర్, ఓ గురువారం
జుమ్మేరాత్ బజార్. పాత తలుపులు వరసగా గోడకానించి ఉన్నాయి. ఒకదాని మీద పసుపు, కుంకుమ బొట్లు అలాగే ఉన్నాయి. బేరం చేస్తున్నవాడు వేలితో గీకి చూశాడు. ‘టేకేనా?’

అక్కణ్నుంచి పురానాపూల్. 1578 నాటి వంతెన. ఇప్పుడు దాని మీద కూరగాయలు అమ్ముతారు. బుల్డోజర్ ఇటొస్తే ఎలా అని అడిగాను. వంకాయలమ్మే ఆమెకు కోపమొచ్చింది. ‘పొద్దుగాల్నే గా మాటలేంది సారూ? తీస్కుంటే తీస్కో, లేకుంటే నడువు.’

తీసుకున్నాను. రెండు పుచ్చులు.

జనవరి 2025
లంగర్‌హౌస్, బాపూఘాట్. ఈసీ వచ్చి మూసీలో కలిసేచోటు. గాంధీ చితాభస్మం 1948లో ఇక్కడ కలిపారు. మూసీ బాగుచేసే మొదటి విడత పని రెండు చెరువుల దగ్గర మొదలుపెట్టి ఇక్కడిదాకా చేస్తారట. గాంధీ సరోవర్ అని పేరు కూడా అయింది.

ఇటువైపు ఇళ్లు పల్చన. ఎర్ర అక్షరాల మాట అడిగితే పాన్‌డబ్బా కుర్రాడు తెల్లబోయి చూశాడు. మొదటి విడత అందుకే ఇటు అని అనుకోవచ్చు. అనుకోకపోవచ్చు.

మార్చి
నాగోల్ దిగువ. నది పొడుగునా పచ్చగా గడ్డి. మురుగు నీళ్లతోనే పెరుగుతుంది. కోసి, మోపులు కట్టి, గేదెలున్నవాళ్లకు అమ్ముతారు. అంబర్‌పేట మురుగుశుద్ధి కేంద్రానిది రోజుకు 33 కోట్ల 90 లక్షల లీటర్ల తాహతు. అయినా వాసనకు కొదవలేదు.

గడ్డి కోసే ఆయనకు నది బాగవడం మీద అభిప్రాయం ఉంది. ‘నీళ్లు శుద్ధమైతే గడ్డికి బలం తక్కువైతది.’

ఇంటికొచ్చి టీ తాగాను. పాలు ఎక్కడివో అడగలేదు.

ఏప్రిల్
మెట్రో. ఎంజీబీఎస్ నుంచి మలక్‌పేట. నది మీదికి రాగానే ఎదురు సీటాయన కొడుక్కి చూపించాడు.
‘అదేంది నాన్నా?’
‘మూసీ.’
‘నీళ్లేవి?’
‘నల్లగ కనవడ్తుంది చూడు, అవే.’
మలక్‌పేట వచ్చేసింది.

జూన్
కూల్చినచోట ఆముదం మొక్కలు నడుమెత్తు లేచాయి. ఒక గడప మిగిలింది. అటు గోడ లేదు, ఇటు గోడ లేదు. పోస్ట్‌మన్ దాని ముందు బండి ఆపి, ఫోన్ చేసి, అవతలివాళ్లను తిట్టి వెళ్లిపోయాడు.

8 సెప్టెంబర్
గండిపేటలో శంకుస్థాపన. గోదావరి నీళ్ల పథకం రెండు, మూడో దశలు. 20 టీఎంసీలు తెస్తారు. అందులో రెండున్నర మూసీకి. అంటే ఇక్కడా పంపులే.

ఇస్త్రీ బండి మూలకు మారింది. అతనికి చెబుదామనుకున్నాను. బొగ్గులు రాజుకోక తంటాలు పడుతున్నాడు. చెప్పలేదు.

27 సెప్టెంబర్
రాత్రి జంట జలాశయాల గేట్లెత్తారు. ఎంజీబీఎస్ బస్టాండులోకి నీళ్లు. దసరాకు ఊళ్లకు పోయే జనం అర్ధరాత్రి ప్లాట్‌ఫారాల మీద ఇరుక్కున్నారు. తాళ్లు కట్టి బయటికి తెచ్చారు. మూసానగర్, శంకర్‌నగర్ మునిగాయి. కూల్చిన ఇళ్ల జాగాలో నీళ్లు, కూల్చని ఇళ్లలో నీళ్లు. పైనుంచి చూస్తే తేడా లేదు.

ఆర్టీసీ ప్రకటన: కరీంనగర్, ఆదిలాబాద్ బస్సులు జేబీఎస్ నుంచి. వరంగల్‌వి ఉప్పల్ నుంచి. విజయవాడవి ఎల్బీనగర్ నుంచి. కర్నూలువి ఆరాంఘర్ నుంచి.

మా పక్కింటాయనకు నల్లగొండ పోవాలి. బ్యాగు సర్దుకుని గుమ్మంలో కూర్చున్నాడు. ‘రెండు డ్యాములు కట్టించె గద ఆయన’ అన్నాడు. విశ్వేశ్వరయ్య మీద కోపం. వందేళ్లు దాటినా.

28 సెప్టెంబర్
పిల్లిగుడిసెల నుంచి చాచా ఫోన్. శంకర్‌నగర్‌లో ఉండిపోయిన చుట్టాలు వచ్చి చేరారు. రెండు గదుల్లో ఎంతమందో లెక్క చెప్పలేదు. లిఫ్టు పనిచేస్తుందా అంటే, ‘కరెంటున్నప్పుడు’ అన్నాడు. మేక లేదు. బక్రీదుకే అయిపోయింది.

30 సెప్టెంబర్
సద్దుల బతుకమ్మ. నీళ్లు తీశాయి. బురద మిగిలింది. మూసారాంబాగ్ పాత వంతెన మూసేశారు. పక్కనే కడుతున్న కొత్తదాని సామాను కొట్టుకుపోయింది. అంబర్‌పేట పోవాలంటే గోల్నాక మీదుగా తిరిగి పోవాల్సిందే. ఆటోకు యాభై ఎక్కువ.