లేని ఓడకు కాపలా

మా కృష్ణగిరివారికి కోట కొత్త కాదు. బజారులో నిలబడి తలెత్తితే చాలు, కొండమీద గోడలు కనిపిస్తాయి. 1791లో కర్నల్ మాక్స్‌వెల్ దండు కింది పేటను పట్టుకున్నది గాని, కొండ యెక్కలేక వెనుదిరిగింది. సముద్రం మాత్రం మాకు దూరం. నీళ్ళంటే హోసూరువారికి రామనాయకన్ చెరువు, కృష్ణగిరివారికి ఆనకట్ట, అంతే. అందుచేత కాపలా అంటే ఉన్నచోట కదలక నిలబడడమేనని మాలో చాలామంది అనుకునేవాళ్ళం. విశాఖపట్నం చూచి వచ్చాక ఆ అభిప్రాయం మారింది.

రెండూళ్ళ తెలుగు మిత్రులం కలిసి బెంగుళూరులో రైలెక్కి మర్నాడు విశాఖలో దిగాము. ప్రయాణం ముచ్చట్లు మొదలుపెడితే పులిహోర పొట్లాలతోనే పేజీ నిండిపోతుంది గనుక వాటిని వదిలేస్తున్నాము.

రామకృష్ణా బీచిలో ఇసుకమీద నిలిపిన కురుసుర జలాంతర్గామిని అందరూ చూస్తారు. 1969లో మన నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, 2002 ఆగస్టులో ప్రదర్శనశాల అయింది. పొడవు 91 మీటర్లు. లోపల ఒకరి వెనుక ఒకరు నడవవలసిందే. పడక లెంత ఇరుకంటే, మా బృందంలోని పెద్దాయన ఒకరు చూచి, "దీనికంటే మా ఊరి బస్సు సీటు నయమప్పా!" అన్నారు. అక్కడికి దగ్గరలోనే 1971 యుద్ధ విజయానికి గుర్తుగా కట్టిన స్మారకం వున్నది. మేము చెప్పదలచుకున్న ఓడ మాత్రం యీ రెండుచోట్లా లేదు. దాని పేరు రాజ్‌పుత్.

ఆఫీసులో ఉద్యోగుల సర్వీసు రిజిస్టర్లు తిరగవేసే మాబోటివారికి ఓడల రిజిస్టరు కూడా ఆసక్తిగానే వుంటుంది. రాజ్‌పుత్ 1942లో ఇంగ్లీషువారి నౌకాదళంలో రోథర్‌హామ్ అనే పేరుతో చేరిన డిస్ట్రాయరు. 1949లో మనకు వచ్చి పేరు మార్చుకున్నది. 1971 నాటికి దాని వయస్సు 29 ఏళ్ళు. దాని ప్రత్యర్థి ఘాజీ కూడా పరాయి పుట్టుకే. 1944 డిసెంబరులో అమెరికాలోని పోర్ట్స్‌మత్ రేవులో డయాబ్లో అనే పేరుతో నీట దింపారు. ఆ మాటకు స్పానిషులో దయ్యమని అర్థం. 1964లో పాకిస్తానుకు అద్దెకిచ్చారు.

ఆ రెండో ప్రపంచయుద్ధంలోనే అమెరికావారు డిస్ట్రాయర్ ఎస్కార్టులని 563 చిన్న ఓడలు కట్టారు. పెద్ద ఓడల వెంట, మందవెంట కాపు కుక్కల్లాగ తిరగడం వాటి పని. వాటిలో శామ్యూల్ బి. రాబర్ట్స్ అనేది 1944 అక్టోబరు 25న ఫిలిప్పీన్సులో సమర్ దీవి దగ్గర, తాను కాపాడవలసిన విమానవాహక నౌకల కోసం జపాను యుద్ధనౌకల కెదురుపోయి మునిగింది. దాదాపు ఏడు కిలోమీటర్ల లోతున దాని శకలాలు 2022లో కనిపించాయి. మన రాజ్‌పుత్ ఆ తరగతిది కాదు, అంతకంటే పెద్దది. కాని 1971లో దానికి పడ్డ పని అలాంటిదే. ఇంకా విచిత్రం, అది కాపాడవలసిన ఓడ పక్కన లేదు!

ఘాజీ వెదకుతూ వచ్చింది మన విక్రాంత్‌ను. విక్రాంత్ బాయిలరులో పగులు వుండడంచేత పూర్తి వేగంతో పోలేదు. తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ దానిని అండమాను వైపు దాచి, రాజ్‌పుత్‌ను సముద్రంలోకి పంపి, విక్రాంత్ మాట్లాడినట్టే వైర్‌లెస్‌లో మాట్లాడించారు. విశాఖలో విక్రాంత్ పేర మాంసం, కూరగాయలు పెద్దయెత్తున పురమాయించారు. విక్రాంత్‌లోని ఒక నావికుడు జబ్బుపడ్డ తన తల్లి క్షేమం అడుగుతున్నట్లు దాపరికం లేని తంతి కూడా ఇప్పించారు. ఇదంతా ఆయన తమ జ్ఞాపకాలలో వ్రాసుకున్నారు. నకిలీ కాగితాలు పుట్టించడం మా వృత్తిలో మహాపాపం గాని, యీ తంతిని మాత్రం క్షమించవచ్చు.

డిసెంబరు 3వ తేదీ అర్ధరాత్రికి ముందు రాజ్‌పుత్ రేవు దాటింది. నీటిమీద అలజడి కనిపించిందని రెండు డెప్త్ చార్జీలు విడిచింది. అవి నీటిలోతున పేలే మందుగుండు పీపాలు. కొద్ది నిమిషాలకు విశాఖలో ఇళ్ళ కిటికీలు అదిరేంత పేలుడు వినిపించింది. మర్నాడు జాలరులు సముద్రంలో తేలుతున్న వస్తువులు తెచ్చి చూపారు. అదే రోజు విక్రాంత్ విమానాలు కాక్స్ బజారు, చిట్టగాంగుల మీద దాడి చేశాయి.

ఘాజీని రాజ్‌పుత్ ముంచిందని మన నౌకాదళం మాట. తాను పరచిన మైను తగిలో, లోపలే పేలుడు జరిగో మునిగిందని పాకిస్తాను మాట. వాదం తెగలేదు. మా మట్టుకు ఆ తీర్పు కోసం ఆగనక్కరలేదనిపించింది. ముసలి ఓడ ఒకటి, పెద్ద ఓడమీదికి రావలసిన టార్పెడోను తనమీదికి పిలుచుకోవడానికి ఒప్పుకున్నది. అందులోని మనుష్యులకు ఆ సంగతి తెలుసు. సర్వీసు రిజిస్టరులో అంతకంటే ఏం వ్రాయాలి? ఆ దశాబ్దంలోనే దాని కొలువు ముగిసింది. దాన్ని ఎవరూ ఒడ్డున నిలపలేదు.

ఈ తంతి సంగతి చెప్పినప్పుడు మాతో వచ్చిన హోసూరు అక్కయ్య, "ఆ తల్లి నిజంగా వున్నదా, లేదా?" అని అడిగింది. లేదన్నాము. ఆమె చాలాసేపు సముద్రం వైపే చూస్తూ, "కింద వున్నవాళ్ళకు వుండేవారు కదా" అన్నది. ఘాజీలో 90 మందికి పైగా పోయారు. 2024లో మన నౌకాదళం ఆ శకలాన్ని మళ్ళీ గుర్తించి, చనిపోయినవారిపట్ల గౌరవంతో తాకకుండా వదిలింది.

పోదలచిన సభ్యులు సోమవారం తప్పించి వెళ్ళాలి. కురుసురకు ఆ రోజు సెలవు. లోపల గుండ్రటి తలుపుల దగ్గర తల వంచడం మరచిపోకూడదు. మా బృందంలో ముగ్గురికి బొప్పి కట్టింది.