తిరుమలగిరి: కొన్నవాళ్ల ఫొటోలు, ఉన్నవాళ్ల ఊరు

తిరుమలగిరి పాత ఫొటోలు చూడాలనుకుంటే తిరుమలగిరిలో వెతకడం కంటే లండన్‌లో వెతకడం తేలిక. సికింద్రాబాద్‌లో కార్ఖానా దాటి అల్వాల్ వైపు పోయేవాళ్లకు ఇవాళ ఇదొక పెద్ద చౌరస్తా, అంతకంటే పెద్ద ట్రాఫిక్ సిగ్నల్. నూట ముప్పయ్యేళ్ల కింద మాత్రం ‘ట్రిమల్‌గెరీ’ అంటే ఇంగ్లండ్ పల్లెటూళ్లలో సైతం కొందరికి తెలుసు. సైన్యంలో చేరిన కొడుకు ఉత్తరం అక్కడినుంచే వచ్చేది మరి.

బ్రిటిష్ దండు ఇక్కడికి వచ్చిన కథ చిన్నదే. 1798లో రెండో నిజాం అలీఖాన్ ఈస్టిండియా కంపెనీతో సైన్యపు ఒప్పందం చేసుకున్నాడు. హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన గుడారాలు వెలిశాయి. ఆ దండుకు 1806లో మూడో నిజాం సికందర్ జా పేరు పెట్టారు, అలా అది సికింద్రాబాద్ అయింది. ఊరివాళ్లు మాత్రం లష్కర్ అన్నారు, ఇప్పటికీ అంటున్నారు. 1857 జులై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ తమ మనుషులతో కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీ మీద విరుచుకుపడ్డారు. దాడి విఫలమైంది గాని దొరలకు దడ పుట్టింది. తర్వాతి ఏళ్లలో తిరుమలగిరిలో కందకం తవ్వి, బురుజులు కట్టి, తెల్ల సైనికుల బ్యారక్‌లను ఆ రక్షణ లోపలికి చేర్చారు. 1858లో కట్టిన సైనిక జైలుకు కోట బురుజుల్లాంటి గోపురాలు పెట్టారు. ‘విండ్సర్ కాజిల్’ అనే ముద్దుపేరు కూడా దానికి దక్కింది. తమ రాణిగారి కోట పేరును జైలుకు పెట్టుకోవడంలో సైనికుల వెటకారం ఎంతో, గొప్ప ఎంతో! 1860లో ఆల్ సెయింట్స్ చర్చి లేచింది.

ఫొటోల సంగతి లాలా దీనదయాళ్‌తో మొదలుపెట్టాలి. 1844లో మీరట్ దగ్గరి సర్ధానాలో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, ఇండోర్‌లో ప్రజాపనుల శాఖలో నక్షాలు గీసిన మనిషి. 1886లో సికింద్రాబాద్‌లో స్టూడియో తెరిచాడు. తర్వాత ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ అయ్యాడు, రాజా బిరుదు పొందాడు. చౌమహల్లా దర్బార్లు, పులివేటలు ఆయనకు పేరు తెచ్చాయి. దుకాణానికి రోజువారీ బేరం మాత్రం ఎక్కువగా దండు వైపునుంచే వచ్చేది: కవాతులు, ఉత్తుత్తి యుద్ధాలు, పోలో జట్లు, బంగళా వరండాలో టోపీలు పెట్టుకుని వరసగా కూర్చున్న ఆఫీసర్లు. ఆయన గాజు నెగటివ్‌లలో 2,857 పలకలను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం కొన్నది. ముద్రించిన ఆల్బమ్‌లు దొరలతో పాటు ఓడెక్కాయి. కొన్ని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి.

అదే కాలంలో ఇంగ్లండ్‌లో ఫ్రాన్సిస్ ఫ్రిత్ కంపెనీ మనుషులు కెమెరాలు మోసుకుని ఊరూరా తిరిగారు. చర్చి, చెరువు, సంత, సారాకొట్టు, ఏదీ వదల్లేదు. కారణం వ్యాపారమే: ఊరివాళ్లూ ఊరు చూడవచ్చినవాళ్లూ తమ డబ్బుతో ఆ బొమ్మలు కొనేవాళ్లు. అందుకే అక్కడ మారుమూల పల్లెకూ తన పాత ముఖం చూసుకునే వీలుంది. తిరుమలగిరిలో మాత్రం ఫొటో కొన్నవాడు రెండు మూడేళ్లలో రెజిమెంట్‌తో పాటు వెళ్లిపోయేవాడు. వాడికి కావలసింది తన బ్యారక్, తన గుర్రం, తన చర్చి. పక్కనున్న ఊరి గుడి, చాకిరేవు, కల్లు దుకాణం వాడి ఆల్బమ్‌లోకి ఎందుకెక్కుతాయి?

అయితే కెమెరా అంత జాగ్రత్తగల పనిమనిషి కాదు, అడగనివి కూడా ఇంటికి తెస్తుంది. కాబట్టి ఇలాంటి ఫొటోలను అంచులనుంచి చదవాలి. నడుమ నిలబడ్డ కెప్టెన్‌ను వదిలేసి, గుర్రం కళ్లెం పట్టుకున్న సాయీసును చూడండి, వరండా స్తంభం పక్కన ఒదిగిన బట్లర్‌ను చూడండి. నీళ్లు మోసే భిస్తీలు, పంఖా లాగేవాళ్లు, డోలీ బోయీలు లేకుండా దండుకు ఒక్క పూట గడవదు. ఫొటో కింద కెప్టెన్ పేరుంటుంది, పక్కవాడి పేరుండదు. అలాంటివాళ్లలో చరిత్రకు పేరు దక్కినవాడు సురిటి అప్పయ్య. లష్కర్‌లో సైన్యం డోలీ మోసిన అప్పయ్య, 1813లో కలరా ప్రబలినప్పుడు ఉజ్జయినిలో ఉండి అమ్మవారికి మొక్కుకున్నాడని, 1815లో తిరిగొచ్చి సికింద్రాబాద్‌లో మహంకాళిని నిలిపాడని ఆలయ చరిత్ర. లష్కర్ బోనాలకు మూలం ఆ మొక్కే. దండును నడిపిన జనరళ్ల పేర్లు ఇవాళ ఎంతమందికి గుర్తు?

ఇక విన్‌స్టన్ చర్చిల్ సంగతి. ఇక్కడ పాత బంగళా కనిపిస్తే చాలు, చర్చిల్ అందులో ఉండి పోయాడని ఎవరో ఒకరు చెబుతారు. నిజానికి ఆయన రెజిమెంట్ బెంగళూరులో ఉండేది. 1896 నవంబరులో పోలో ఆడడానికి హైదరాబాద్ వచ్చి, రెసిడెంట్ కూతురు పమేలా ప్లౌడెన్‌ను చూసి మనసు పారేసుకున్నాడు. ఆమె అందాన్ని గురించి తల్లికి ఉత్తరం రాసింది మాత్రం తిరుమలగిరినుంచే. ఇంతోటి దానికి ఊరు పొందిన ప్రచారం ఎక్కువే అనిపిస్తుంది నాకు.

ఊరి అసలు ఆల్బమ్ ఇక్కడి లాల్‌బజార్ ఇళ్లలో ఉండాలి. మద్రాసు సైన్యం వెంట సరుకుల కాంట్రాక్టులకు వచ్చి స్థిరపడిన మొదలియార్ కుటుంబాలవి, దండులో కొలువు చేసిన తెలుగు కుటుంబాలవి, స్టూడియో తెరముందు బిగుసుకుని కూర్చున్న పెళ్లి ఫొటోలు. ఇనప్పెట్టెల్లో, దేవుడి గూటి పక్కన చట్రాల్లో తేమ పట్టిపోయేవి అవే. లండన్‌లో ఉన్నవాటికి చల్లటి గదులున్నాయి.

ఊరి ఫొటోలు తీసి దాచే పనికి తొందర కూడా ఉంది. ప్యారడైజ్‌నుంచి శామీర్‌పేట దాకా ఎలివేటెడ్ కారిడార్‌కు 2024 మార్చిలో శంకుస్థాపన జరిగింది. ఆ దారిలోని తిరుమలగిరి రోడ్డు పక్క దుకాణాల వరసలు ఇలాగే ఉండవు. వాటిని మన ఫోన్లతో తీసుకోవచ్చు. దొరలు మోజుపడి తీయించుకున్న దండు ప్రాంతంలో మాత్రం ఇవాళ కాపలా జవాన్లున్నారు, ఫొటోలు తీయరాదని బోర్డులున్నాయి.